మూడు వందలవ గొంతు

సాయంత్రం ఆరూ ఇరవైకి తిమ్మనగుట్ట ఊళ్ళో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కరెంటు పోయిందని ఎవరూ విసుక్కోలేదు. బజ్జీల బండాయన మంట తగ్గించి మూకుడు మీద మూత పెట్టాడు. బస్సు డ్రైవరు రోడ్డు వార బస్సు ఆపి, ప్రయాణికులతో పాటు తనూ కిందికి దిగాడు. అంతవరకూ గొంతు చించుకుని అరుస్తున్న కూరగాయలావిడ కూడా బేరాన్ని గుసగుసల్లోకి దించింది. 2094లో రోజూ జరిగే తంతే ఇది. దీన్ని రెక్కల వేళ అంటారు. నలభై నిమిషాల పాటు ఊరు ఊరంతా మెల్లగా మాట్లాడుకుంటూ, గుట్ట వైపు చూస్తూ నిలబడుతుంది.

కాసేపటికి గుట్ట మీది పాత ముగ్గురాయి గనిలోంచి గబ్బిలాలు బయలుదేరతాయి. ముప్పై ఏళ్ళ కిందట పురుగుమందులు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేశాయి. శనగ చేలన్నీ పురుగుపాలయ్యాయి. అప్పుడు గానీ మనుషులకు గబ్బిలాల విలువ తెలిసిరాలేదు. పైసా అడక్కుండా రాత్రంతా పురుగుల్ని ఏరుకు తినే కూలీలు పైకప్పులో వేలాడుతుంటే, మనం చీపురుకట్ట పట్టుకుని వెంటపడ్డాం కదా! ఇప్పుడు వాటికోసం దీపాలార్పుతున్నాం. పిల్లలు చెవుల్లో చెవిపూసలు పెట్టుకుని మరీ వాటి పలుకులు వింటున్నారు. మామూలు చెవికి అందనంత సన్నని శబ్దాన్ని చెవిపూస పిచ్చుక కిచకిచలాగా మార్చి వినిపిస్తుంది.

గని ముందు బండ మీద కూర్చున్న డాక్టర్ దస్తగిరి మాత్రం ఆకాశం చూడటం లేదు. ఆయన కళ్ళు ఒళ్ళో ఉన్న తెరపలక మీదే ఉన్నాయి. వయసు యాభై ఎనిమిది, మనిషి లావు, గొంతు ఇంకా లావు. ముక్కు మీద కోపం. గబ్బిలాల్ని లెక్కించే యంత్రాల్లో ఆయన చేసినదాన్ని మించింది లేదని ప్రభుత్వమే చట్టం రాసుకుంది. ఆ యంత్రం పేరు ఆకుచెవి.

అక్కడికి పదడుగుల దూరంలో, గని నోటి పక్కగా, ఆయన భార్య డాక్టర్ సువార్త చేతిలో మీట నొక్కి లెక్కపెట్టే డబ్బీ పట్టుకుని నిలబడింది. గబ్బిలం బయటికొచ్చినప్పుడల్లా ఒక నొక్కు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ గనినే చదువుతున్న జీవశాస్త్రవేత్త ఆమె. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోక ఆ సాయంత్రానికి పదకొండు రోజులు.

"ఆకుచెవీ, గాలి చల్లగా ఉండాది, శాలువా కప్పుకొమ్మని ఆమెకు చెప్పు" అన్నాడు దస్తగిరి.

"దస్తగిరి గారు మిమ్మల్ని శాలువా కప్పుకొమ్మంటున్నారు" అంది యంత్రం పలకలోంచి, ఆకాశవాణి వార్తలంత శుభ్రమైన తెలుగులో.

"లెక్క పెడతాండా, గమ్మునుండమని చెప్పు."

"ఆమె మిమ్మల్ని..."

"విన్న్యాలే! చెవుడా నాకు?"

ఇద్దరికీ చెడింది మండలి సమావేశంలో. ఊరికి నీళ్ళు తెచ్చే గొట్టాన్ని ఈ గని సొరంగంలోంచే తీసుకుపోవాలని జీవరక్షణ మండలి ముందు ప్రతిపాదన వచ్చింది. గబ్బిలాల్ని ఊరవతల కట్టిన గూటి గోపురంలోకి మారుస్తారట. గోపురం బాగానే ఉంటుంది, రంగులేసి మరీ కట్టారు. కానీ ఇక్కడివి ఆకుముక్కు గబ్బిలాలు. వాటికి పాత సొరంగంలోని వెచ్చదనం, తడి కావాలి. ఇంతకుముందు రెండుచోట్ల ఇలాగే మారిస్తే ఏడాది తిరిగేసరికి గోపురాలు మిగిలాయి, గబ్బిలాలు మిగల్లేదు. గనిని ముట్టుకోకూడదంటే ఒకటే దారి. అక్కడున్నవి వేరెక్కడా లేని ఒక శ్రుతి కుటుంబం, అంటే ఒకే శ్రుతిలో పలికే గుంపు అనీ, తమ కాళ్ళ మీద తాము నిలబడగలిగినంతమంది ఉన్నారనీ రుజువు కావాలి. అప్పుడు గొట్టమే గుట్ట చుట్టూ తిరిగిపోతుంది.

"ఎన్ని ఉంటే నిలబడతాయమ్మా?" అని అధ్యక్షుడు సువార్తను అడిగాడు.

"మామూలుగా మూడు వందలంటారు సార్, కానీ..."

"మూడు వందలు! రాసుకోండి" అన్నాడు పక్కనుంచి దస్తగిరి. సాయం చేస్తున్నానే అనుకున్నాడు పాపం. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆమె మొదలుపెట్టిన మాటల్లో సగం ఆయనే పూర్తి చేశాడు. అధ్యక్షుడు తలాడించాడు, మూల కూర్చుని మినిట్స్ రాసే ఆయన రాసుకున్నాడు, హద్దు మూడు వందలని తీర్మానమైపోయింది. 'కానీ' తర్వాతి మాట సువార్త గొంతులోనే ఉండిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె తలుపు వేసుకుంది.

ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. అయినా లెక్క పని ఇద్దరిదీ కాబట్టి, గని ముందు ఒకే గుడారంలో, మధ్యలో యంత్రాన్ని పెట్టుకుని కాపురం చేస్తున్నారు.

ఆకుచెవి సంగతి కొంచెం చెప్పుకోవాలి. చాలా గబ్బిలాలు నోరు తెరిచి కేకలేసి, ఆ కేక తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో చీకట్లో దారి చూసుకుంటాయి. ఆకుముక్కులు అలా కాదు. నోరు మూసుకుని ముక్కుతో పలుకుతాయి. ముక్కు చుట్టూ మడతలు మడతలుగా ఆకులాంటి చర్మం ఉంటుంది. టార్చిలైటు అద్దం వెలుగును ఒక పక్కకు పోగుచేసినట్టు, ఆ ఆకు శబ్దాన్ని పోగుచేసి పంపుతుంది. వీటిలో దాదాపు వంద రకాలున్నాయి. పెద్దవాటిది కాస్త లావు గొంతు, బొటనవేలంత వాటిది మరీ సన్న గొంతు. బూడిదరంగువి ఉన్నాయి, నారింజ తొనలాగా మెరిసేవి ఉన్నాయి. చూడ్డానికి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, గొంతును బట్టే వేరు జాతి అని తెలిసేవీ ఉన్నాయి. తిమ్మనగుట్టవి ఆ కోవలోవే. పక్క గుట్టల వాటితో కలిపి కూర్చోబెడితే వాటి అమ్మలు కూడా పోల్చలేరేమో గానీ, ఇవి నూట పదకొండు కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. ఆ శ్రుతి ఇంకెక్కడా లేదు.

దస్తగిరి చేసిందల్లా మైనపు కాగితమంత పల్చని పింగాణీతో ఒక కృత్రిమ ముక్కుఆకు తయారుచేయడం. చెంబంత పెట్టెకు ముందు దాన్ని బిగించాడు. ఆకుచెవి గనిలో కూర్చుని ప్రతి గొంతునూ విడివిడిగా గుర్తుపడుతుంది. అయితే గుర్తుపట్టడం ఒక్కటే చాలదు. దారి తప్పి వచ్చిన చుట్టం గబ్బిలాన్ని కుటుంబంలో కలిపి లెక్కిస్తే ఎలా? దానికి ఉపాయం చెప్పింది సువార్తే. ఒక కుటుంబంలోని ఆకుముక్కులు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. ఒకటి పలుకుతుంటే పక్కది తన గొంతును ఇటో అటో జరుపుకుంటుంది, లేదా కాసేపు ఊరుకుంటుంది. ఎదుటిదాని ప్రతిధ్వని చెడిపోకూడదని. కొత్తది వస్తే దానికి దారి దొరకదు, అదీ ఇవ్వదు. ఇచ్చుకోవడం రెండువైపులా ఉంటేనే ఆకుచెవి ఆ ప్రాణిని సభ్యత్వపు జాబితాలో చేరుస్తుంది.

మొదట్లో దస్తగిరి యంత్రానికి శబ్దపు హద్దులు పెట్టాడు. ఇంత కంటే సన్నగా, ఇంత కంటే లావుగా పలికితే గబ్బిలం కాదు అని. హద్దు పెట్టిన ప్రతిసారీ దాని అవతల పలికే రకం ఒకటి బయటపడేది. పైగా పాలుతాగే పిల్లలు మనిషి చెవికి అందేంత లావుగా కూడా ఏడుస్తాయి. "ఎవరు ఏ గొంతుతో పలకాల్నో చెప్పేదానికి నువ్వెవరయ్యా?" అని ఒకరోజు సువార్త కసిరింది. ఆయన ఉక్రోషం కొద్దీ హద్దులన్నీ పీకి పారేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెక్కల వేళ ముగిసి ఊళ్ళో దీపాలు వెలిగాయి. గబ్బిలాల పిల్లలన్నీ ఎగరడం నేర్చుకున్న కాలం కాబట్టి గని లోపల ఒక్కటి కూడా మిగలదు. సువార్త మీటలెక్క చూసుకుంది. వరసగా మూడో రోజు అదే అంకె. రెండు వందల తొంభై తొమ్మిది.

ఆమె మొహం వాడిపోవడం దస్తగిరికి ఆ మసకలోనూ కనిపించింది. ఒక్క గబ్బిలం! ఒక్కటంటే ఒక్కటి తక్కువ. అంతలో ఆయన ఒళ్ళోని పలక వెలిగింది.

"పదకొండు రోజుల పరిశీలన పూర్తయింది. ఈ శ్రుతి కుటుంబంలో సభ్యుల సంఖ్య మూడు వందలు" అంది ఆకుచెవి.

"సూడు!" దస్తగిరి బండ మీంచి లేచి గంతేశాడు. ఆ వయసులో, ఆ ఒంటితో గంతు వేయడం మాటలు కాదు. "మూడు నూర్లు! నా యంత్రం అబద్ధం చెప్పదు. చట్టంలోనే ఉండాది, ఆకుచెవి లెక్కే ఆఖరని. గని నిలబడింది సువార్తా!"

పదకొండు రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. సువార్త కూడా యంత్రాన్ని మరిచిపోయింది.

"ఉండాయేమో గానీ నా కంట్లో పడింది రెండు నూర్ల తొంబై తొమ్మిదే. మూడు దినాలూ అంతే. ఒకటి ఎక్కువ చెప్తాండాది నీ యంత్రం."

"ఎక్కువ చెప్తే నీకేం నష్టం? నీ గబ్బిలాయిలే గదా బతికేది!"

"లేని గబ్బిలాయి మీద ఉన్నవాటిని నిలబెడతావా? రేపు ఎవడన్నా వచ్చి మళ్ళా ఎంచితే? ఒక్క అబద్ధం బయటపడితే ఇంగ మన మాట ఏ గుట్ట కాడ చెల్లుతుంది?"

"నీ కండ్లే తప్పి ఉంటాయి. వయసు..."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైంది. ఆమె శాలువా లాక్కుని గుడారంలోకి వెళ్ళిపోయింది.

తెల్లారి సువార్త ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి దస్తగిరి పలక ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం మండలి తనిఖీ అధికారి వస్తాడు. ఆలోగా ఆ మూడు వందలవ గబ్బిలాన్ని చూపించి ఆమె నోరు మూయించాలి. ఆయన పంతం అది. పైకి చెప్పుకోని భయం ఇంకొకటి ఉంది. యంత్రం తప్పు చెప్పిందని తేలితే, పన్నెండేళ్ళ కష్టంతో పాటు దాన్ని నమ్మి కాపాడిన గుహలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

"చివర చేరిన సభ్యుడు ఎవరు? యాడ వేలాడుతుంటాడు?"

"సభ్యురాలు. మూడు వందల సంఖ్య ఆమెదే. వేలాడదు" అంది ఆకుచెవి.

"వేలాడదా? జబ్బు గానీ చేసిందా?"

"ఆరోగ్యం బాగుంది. ఎడమ మోకాలు మాత్రం కాస్త బరువుగా వేస్తుంది. స్థానం: గని ద్వారం నుంచి నలభై అడుగుల వరకు, నేల మీద. రెక్కలు: గుర్తించలేదు. రోజూ ఉదయం ఏడింటికి వస్తుంది."

దస్తగిరి పలకను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఉదయం ఏడింటికి గనిలోకి వెళ్ళి వేడీ తడీ కొలిచేది ఎవరో, ఎడమ మోకాలికి రోజూ రాత్రి నూనె రాసుకునేది ఎవరో, ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"చూపించు" అన్నాడు చివరికి.

ఆకుచెవి నిన్నటి ఉదయాన్ని పలక మీద చూపించింది. సువార్త ద్వారం దగ్గర చెప్పులు విడిచింది. లోపలికి అడుగు వేయలేదు. కుడిచెయ్యి చాచి, బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాపాడించింది, నలుసు దులుపుకున్నట్టు. గబ్బిలాల మనుషులందరికీ తెలిసిన చిట్కా అది. వేళ్ళ రాపిడి మన చెవికి వినిపించదు గానీ దానిలో పుట్టే సన్నని శబ్దం గబ్బిలాలకు తలుపు తట్టినంత స్పష్టంగా వినిపిస్తుంది. చెవిపూసలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి దస్తగిరి లాంటివాళ్ళు దాన్ని వాడతారు. ఆమె మాత్రం వచ్చానని చెప్పడానికి వాడుతోంది.

రాపాడించి ఊరుకుంది. చుట్టూ గొలుసులా సాగుతున్న కిచకిచలు ఆగాయి. ఒక్కొక్కటీ జానెడు ఎడంలో వేలాడుతున్న ఆ చిన్న ప్రాణులు చెవులు అటూ ఇటూ తిప్పుతూ విన్నాయి. ఒకటి పలికింది. ఇంకోటి పలికింది. అవి చెప్పుకోవడం అయ్యేదాకా సువార్త కదల్లేదు. తర్వాత ఒక అడుగు. మళ్ళీ వేళ్ళ రాపిడి, మళ్ళీ ఎదురుచూపు. నలభై అడుగులు నడవడానికి ఆమెకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఒక్క గబ్బిలం కూడా ఎగిరిపోలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇట్లనే పోతుంటుందా?" అన్నాడు దస్తగిరి, తనలో తాను.

"నా దగ్గర పదకొండు రోజుల వివరాలే ఉన్నాయి. ఆమె వాటికి దారి ఇస్తుంది. అవి ఆమెకు దారి ఇస్తాయి. మీరు నాకు చెప్పిన నియమం అదే. గొంతుకు హద్దు మీరే తీసేశారు."

తీసేశాడు. అది తీసేయించింది ఎవరో కూడా ఆయనకు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, సువార్త ఆయనకు ఒక సంగతి చెప్పింది. రైలు దగ్గరికొస్తున్న కొద్దీ దాని కూత సన్నబడినట్టు వినిపిస్తుంది కదా, డాప్లర్ సూత్రం. ఆకుముక్కు ఒక పురుగు వైపు ఎగురుతున్నప్పుడు దాని ప్రతిధ్వని కూడా అలాగే సన్నబడి, అది వినగలిగే శ్రుతి దాటిపోతుంది. అందుకని గబ్బిలం ఎంత వేగంగా దగ్గరవుతుంటే అంతగా తన గొంతును దించుకుంటుంది, వచ్చే జవాబు తనకు సరిగ్గా వినిపించేలా. "దగ్గరయ్యే కొద్దీ గొంతు దించుకోవాలయ్యా" అని ఆమె చెబుతూంటే, ఆయన మధ్యలోనే అందుకుని, ఆ సూత్రానికి గణితం ఎంత సులువో పావుగంట వివరించాడు. ఆ సూత్రం మీదే యంత్రం కట్టాడు, బిరుదులు తెచ్చుకున్నాడు. ఆమె ఆ రోజు చెప్పిన మాట మాత్రం ఇప్పుడే విన్నాడు.

"నేనూ లోపలికి వచ్చినా గదా, తీగలు సర్దేదానికి. నన్ను దేంట్లో రాసినావు?" అని అడిగాడు, కొంచెం ఆశగానే.

"పదకొండు సార్లు వచ్చారు. పదకొండు సార్లూ అవి లోపలి గదిలోకి ఎగిరిపోయాయి. మీరు ఎదుటివారి పలుకు పూర్తికాకముందే పలుకుతారు. ఈ పదకొండు రోజుల్లో నూట నలభై మూడు సార్లు. అందులో అరవై సార్లు నా మాటకే అడ్డొచ్చారు. మిమ్మల్ని 'గాలి, నీటి చుక్కలు, ఇతర చప్పుళ్ళు' అనే వరసలో రాశాను."

ఇంకొకప్పుడైతే ఆయన పలకను బండకేసి కొట్టేవాడే. ఆ పూట నవ్వాడు. నవ్వుతూంటే కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు.

సువార్త ఊళ్ళోంచి రాగానే పలక ఆమె చేతికిచ్చాడు. ఆమె చూసింది. రెక్కలు గుర్తించలేదు అన్న చోట కిసుక్కుమంది. తర్వాత పలకను తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే రెండు నూర్ల తొంబై తొమ్మిదే" అంది.

"నీ కండ్లు తప్పలేదు. నాదే తప్పు."

ఆమె తలెత్తి, ఈయన దస్తగిరేనా అన్నట్టు చూసింది.

"సెప్పకుంటే ఎవురికీ తెలీదు సువార్తా. మూడు నూర్లని యంత్రం రాసేసింది. నీ పానం ఈ గనిలోనే ఉండాది, నాకు తెలుసు." ఆగాడు. "నువ్వెట్లంటే అట్ల."

నువ్వెట్లంటే అట్ల! ఇరవై ఏడేళ్ళలో ఇదీ మొదటిసారే.

"చెప్పేద్దామయ్యా" అంది సువార్త. "పోతే పోనీ. లేనిది ఉన్నట్టు నేనే లెక్క చెప్పినానని తెలిస్తే రేపు వాటి మొహం ఎట్ల చూసేది?"

మధ్యాహ్నం మండలి బండి వచ్చింది. అందులోంచి తనిఖీ అధికారి చెన్నకేశవులు దిగాడు. ఆయన మండలిలో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా పైకొచ్చిన మనిషి. పైకొచ్చినా రాసుకునే అలవాటు పోక, సమావేశాల మినిట్స్ ఇప్పటికీ తనే రాస్తాడు. సంకలో చట్టం పుస్తకం, చేతిలో మినిట్స్ పుస్తకం. ఆకుచెవి జాబితా చూసి, "మూడు వందలు. సరిపాయె. సంతకం చేద్దామా సార్?" అన్నాడు.

దస్తగిరి నోరు తెరిచాడు. సువార్త కూడా అప్పుడే తెరిచింది. ఆయన పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. పులిని కట్టేసినంత కష్టమైంది.

సువార్త అంతా చెప్పింది. మీటలెక్క, మూడు రోజుల అంకె, చివరి సభ్యురాలు ఎవరన్నదీ దాచకుండా చెప్పింది. చెన్నకేశవులు పలక మీది దృశ్యాన్ని రెండుసార్లు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత మినిట్స్ పుస్తకం తెరిచి ఒక పేజీ దగ్గర ఆగాడు.

"మేడం, ఆ దినం మీటింగులో మీరు 'మూడు వందలంటారు, కానీ' అన్న్యారు. నేను 'కానీ' అని రాసుకున్న్యా. సార్ మధ్యలో వచ్చినారు. పలికినంత వరకే రాయాల, పలకనిది రాయకూడదని మా పెద్దాయన నేర్పినాడు. అందుకని ఒక వరస ఖాళీ వదిలిపెట్టినా." పేజీ ఆమె వైపు తిప్పాడు. నిజంగానే అక్కడ తెల్లగా ఒక వరస ఉంది. "ఇది నింపకుంటే నాకు నిద్ర పట్టదు. ఏమి ఆ కానీ?"

సువార్త భర్త వైపు చూసింది. ఆయన కొండవైపు చూస్తూ ఉండిపోయాడు. చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి.

"కానీ," అంది సువార్త, పన్నెండు రోజులు ఆగిన మాటను మెల్లగా అందుకుంటూ, "అంకె ఒక్కటే చూడొద్దు సార్. వెయ్యి ఉండి, ఒకదాని మాట ఒకటి విననివి రెండేండ్లలో చెదిరిపోయినాయి. నూటేబై ఉండి, ఒకదానికొకటి దారి ఇచ్చుకునేవి ముప్పై ఏండ్లుగా నిలబడినాయి. అదే చెప్పబోయినా."

చెన్నకేశవులు ఆ వరస నింపాడు, గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా. తర్వాత చట్టం పుస్తకం తీశాడు.

"ఇప్పుడు సభ్యత్వం సంగతి. 'ఆ స్థలంలో నివసిస్తూ, తక్కిన సభ్యుల పలుకులకు దారి ఇస్తూ, వారి నుంచి దారి పొందే ప్రతి ప్రాణి' అని ఉండాది. సార్ యంత్రం గురించి రాసిన పుస్తకంలోంచే చట్టంలోకి ఎత్తి రాసినారు." కళ్ళద్దాల మీంచి చూశాడు. "రెక్కలుండాలని యాడా రాయలేదు మేడం. గబ్బిలాయి అని గూడా రాయలేదు."

సువార్త ఆ వరసను తనే ఇంకోసారి చదువుకుంది.

"అట్లంటే..." అంది సువార్త.

"అట్లంటే మూడు వందలే. లెక్కకు వివరణ నేను రాస్తా, ఎవరొచ్చి ఎంచినా దాచింది ఏమీ ఉండదు. అయితే ఒక మాట. 'నివసిస్తూ' అని ఉండాది. మీరు ఈడ్నే ఉండాల. ఏటా లెక్క పెడతాం. మీరు పట్నం పోతే రెండు వందల తొంబై తొమ్మిది, గొట్టం వచ్చేస్తుంది."

"ఉంటా" అంది సువార్త, ఆయన మాట పూర్తయిన మరుక్షణం.

సంతకాలయ్యాయి. బండి గుట్ట దిగిపోయింది. సువార్త ఆనందం పట్టలేక గుడారం చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. తర్వాత ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చినట్టుంది, ఆగింది. దస్తగిరి ప్రయోగశాల పట్నంలో ఉంది. సోమవారం ఆయన ప్రయాణం.

"నువ్వు పోయిరాయ్యా" అంది మెల్లగా. "పండగలకూ పబ్బాలకూ వస్తుండు."

ఆమె ఇంకేమైనా అంటుందేమోనని ఆగాడు. అనలేదు. అయినా ఇంకాస్త ఆగాడు.

ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి ఊళ్ళో దీపాలు ఆరిపోయాయి. దస్తగిరి గని ద్వారం దగ్గర చెప్పులు విడిచాడు. చెవిపూస పెట్టుకున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, లావాటి బొటనవేలూ చూపుడువేలూ రాపాడించాడు.

లోపలి పలుకులు టక్కున ఆగిపోయాయి. ఆయనకు నాలుక దురద పుట్టింది. "నేనే, దస్తగిరిని" అని చెప్పాలనిపించింది. తీగ మూడో కొక్కెం దగ్గర వదులైందని చెప్పాలనిపించింది. ఈ చలికి సువార్త మళ్ళీ శాలువా మరిచిపోయిందని అరవాలనిపించింది. ఒక్కొక్కటే మింగాడు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆయన జీవితంలో అంత పొడుగు రెండు నిమిషాలు ఎప్పుడూ లేవు.

మూడో నిమిషంలో లోపల ఒకటి పలికింది. ఎగిరిపోతూ కాదు, ఉన్నచోటే ఉండి. తర్వాత ఇంకోటి. అవి వెచ్చటి గాలి విసురుతూ, ఆయన చెవుల పక్కనుంచి ఒక్కొక్కటిగా బయటికి వెళ్ళిపోయాయి. ఆయన ఒక్క అడుగు కూడా వేయలేదు. చివరిది వెళ్ళేదాకా చెయ్యి చాచే ఉన్నాడు.

"ఆకుచెవీ," అన్నాడు, చాలా మెల్లగా. "మూడు వందల ఒకటా?"

"కాదు" అంది యంత్రం. ఆయన ఆగాడు. యంత్రం కూడా అలవాటు కొద్దీ ఆయన అడ్డొస్తాడేమోనని ఒక క్షణం ఆగి, రాకపోయేసరికి కొనసాగించింది. "రెండువైపులా దారి కుదరడానికి రోజులు పడతాయి. కానీ మిమ్మల్ని 'ఇతర చప్పుళ్ళు' వరసలోంచి తీసేశాను. 'పరిశీలనలో ఉన్నవారు' అనే కొత్త వరస తెరిచి అందులో రాశాను."

"పరిశీలన ఎవురిది? గబ్బిలాయిలదా?"

"కాదు. మూడు వందలవ సభ్యురాలిది."

వెనక బండ మీంచి సువార్త నవ్వు వినిపించింది. ఆమె ఎప్పటినుంచి అక్కడ కూర్చుని చూస్తోందో ఆయనకు తెలియదు. ఏదో అనబోయి ఆగాడు. ఆమె నవ్వడం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.